దేహమనే అమానతు



వలీమా విందులో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు మన నోటి నుండి అలవోకగా జారే మాటలను ఈ వారం కాస్త ఆగి పరిశీలిద్దాం. “ఏం బేటీ, మరీ ఇంత లావెక్కావు?” అని ఒక ఖాలా పలకరిస్తుంది. పక్కనే ఉన్న బక్కపలుచని అమ్మాయిని చూసి, “ఇది ఎండుపుల్లలా ఉంది, దీన్నెవరు చేసుకుంటారు?” అంటుంది. ఆ వెంటనే ఇద్దరి పళ్లాలలోనూ మరో గరిటెడు బగారా అన్నం, దాని పక్కన డబల్ కా మీఠా వడ్డించి, తినకపోతే అలుగుతుంది. ప్రేమా పరిహాసమూ ఒకే చేతి మీదుగా వస్తాయి. లావుగా ఉన్న అమ్మాయి అందరి ముందూ రెండు ముద్దలు తిని, చాలని లేచిపోతుంది. రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయాక వంటగదిలో ఒంటరిగా తింటుంది. బరువు సమస్య అని మనం పిలిచేదానిలో సగం కథ ఆ వంటగది చీకటిలోనే ఉంది.

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటో కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల మహిళలలో నూటికి 30 మంది, పురుషులలో నూటికి 32 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో నూటికి దాదాపు 19 మంది మహిళలు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువు ఉన్నట్లు కూడా తేలింది. మన ప్రాంతంలో ఈ రెండు రకాల దేహాలూ ఒకే బస్సులో ప్రయాణిస్తాయి. కొత్తగూడెం, పాల్వంచ, సారపాక కాలనీలలో కూర్చుని చేసే కొలువులు, షిఫ్టు డ్యూటీలు ఉన్నాయి. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే, వేసవిలో తునికాకు కోతకు తెల్లవారకముందే అడవికి నడిచే కుటుంబాలున్నాయి. మన నాయనమ్మల కాలంలో అందరూ జొన్న గటక తిని, నడిచి, సన్నగా ఆరోగ్యంగా ఉండేవారని మనం చెప్పుకుంటాం. నడక నిజమే. అయితే ఆనాటి సన్నదనంలో ఆకలికీ వాటా ఉందని మరచిపోరాదు.

దేహం మన సొంత ఆస్తి కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అప్పగించిన దాన్ని కాపాడటం మన బాధ్యత. దాన్ని చూసి అసహ్యించుకోవటం ఆ బాధ్యతలో భాగం కాదు. ఈ రెంటినీ మనం కలగాపులగం చేసుకున్నాం. అద్దంలో తన రూపాన్ని చూసి ఏవగించుకుంటేనే మనిషి మారతాడని, కాబట్టి ఎవరో ఒకరు నాలుగు మాటలు అని ఆ ఏవగింపును రగిలించాలని అనుకుంటున్నాం. ధర్మమూ దీన్ని ఒప్పుకోదు, వైద్యమూ ఒప్పుకోదు.

ముందు ధర్మం మాట. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరాలో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవటం, పేర్లు పెట్టి పిలవటం నిషేధించబడింది. అక్కడ పురుషుల ప్రస్తావన వచ్చాక స్త్రీల ప్రస్తావన విడిగా వచ్చింది. ఇది గమనించదగిన విషయం. బుర్ఖా ధరించే మన ఆడపిల్లలకు శరీరాకృతి గురించిన దిగులు ఉండదని కొందరు భావిస్తారు. పరాయి పురుషుల చూపు నుండి బుర్ఖా కాపాడవచ్చు గాని, పర్దాకు ఇవతల, ఆడవాళ్ల మధ్య విసిరే మాట నుండి అది కాపాడదు. ఆ మాటలు ఎక్కువగా వినిపించేది అక్కడే. హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనం గురించి ఒక చిన్న మాట వచ్చినప్పుడు, ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రపు నీరే మారిపోయేదన్న భావంతో దైవప్రవక్త (స) మందలించారు. ఆ మాట అన్నది ఆయన ఎంతగానో ప్రేమించే హజ్రత్ ఆయిషా (రజి). ఇంటివారే గదా అని ఆయన దాన్ని ఉపేక్షించలేదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) చాలా సన్నని మనిషి. ఆయన ఒకసారి అరాక్ చెట్టు నుండి మిస్వాక్ పుల్ల కోస్తున్నారు. మనం వేపపుల్ల కోసినట్లే. గాలికి వస్త్రం తొలగి ఆయన పిక్కలు కనిపించాయి. అక్కడున్నవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని దైవప్రవక్త (స) అడిగితే, ఆయన కాళ్లు ఎంత సన్నగా ఉన్నాయో చూడండి అన్నారు. తీర్పు దినాన త్రాసులో ఆ కాళ్లు ఉహద్ కొండకన్నా బరువు తూగుతాయని దైవప్రవక్త (స) వారికి తెలియజేశారు. నవ్వినవారు దుర్మార్గులు కారు, సహాబీలే. మంచివారి నోటి నుండి కూడా ఈ పరిహాసం ఎంత సులువుగా వస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

మరో సంఘటన మనకు ఇంకా దగ్గరిది. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తోటివారిని ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలం గడిచింది. ఆమె ఒళ్లు చేశారు. మరో ప్రయాణంలో మళ్లీ పందెం జరిగింది. ఈసారి ఆయన గెలిచి, నవ్వుతూ, అప్పటి గెలుపుకు ఇది బదులు అన్నారు. తాను ఒళ్లు చేసిన సంగతిని ఈ ఉదంతంలో హజ్రత్ ఆయిషాయే (రజి) చెప్పారు. ఆ చెప్పటంలో సిగ్గు లేదు, బాధ లేదు. భార్య బరువు పెరిగిందని ఆయన పందేన్ని మానుకోలేదు. పరుగెత్తమని పిలిచారు. మన ఇళ్లలో భర్తలు ఈ సందర్భంలో ఏం చేస్తున్నారో ఎవరికి వారు తలచుకోవచ్చు.

ఇక వైద్యం మాట. 2014లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇంగ్లండులో 2,944 మంది వివరాలను నాలుగేళ్ల వ్యవధిలో పరిశీలించారు. తమ బరువు కారణంగా అవమానమో వివక్షో ఎదుర్కొన్నామని చెప్పినవారు ఆ కాలంలో సగటున 0.95 కిలో పెరిగారు. అటువంటి అనుభవం లేనివారు సగటున 0.71 కిలో తగ్గారు. మన మంచికోరే అన్నామని సమర్థించుకునే పెద్దలు ఈ రెండు అంకెలను గుర్తుంచుకోవాలి. కారణం ఊహకు అందనిది కాదు. అవమానం మనసును బరువెక్కిస్తుంది. ఆ బరువును దించుకోవటానికి అందరికన్నా దగ్గరగా, చవకగా దొరికే ఓదార్పు తిండే. పైగా నలుగురూ చూస్తారన్న భయంతో ఆ మనిషి నడవటానికి వెళ్లరు, విందుకు రారు, చివరకు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లరు.

కడుపు మాడ్చుకోవటం సంగతీ ఇంతే. పెళ్లి కుదరగానే రెండు నెలల్లో పదిహేను కిలోలు తగ్గాలని నీళ్లు, దోసకాయ ముక్కల మీద బతికే పిల్లలను మనం చూస్తున్నాం. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, ఆరు నెలల పాటు అరకొర ఆహారం మీద ఉంచాడు. వారి శరీరాలు చిక్కాయి. అంతకన్నా ఎక్కువగా వారి మనసులు మారాయి. రోజంతా తిండి ధ్యాసే. చిరాకు, దిగులు, ఒంటరితనం. కొందరు వంటల పుస్తకాలు ముందు పెట్టుకుని గంటల తరబడి చదివారు. ఆహారం మళ్లీ ఇచ్చాక ఎంత తిన్నా తృప్తి కలగలేదని పలువురు చెప్పారు. 2011లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రచురించిన మరో పరిశీలనలో, వేగంగా బరువు తగ్గినవారి రక్తంలో ఆకలిని పెంచే హార్మోనులు ఏడాది తర్వాత కూడా హెచ్చుగానే ఉన్నాయి. కనుక తగ్గిన బరువు తిరిగి వస్తే, ఈమెకు నిగ్రహం లేదు, ఈమానులోనే లోపముంది అనేవారు తెలియక మాట్లాడుతున్నారు. శరీరం కరువు వచ్చిందనుకుని తనను తాను కాపాడుకుంటోంది.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు వారానికి అర కిలో చొప్పున నెమ్మదిగా తగ్గటమే మేలని చెబుతున్నాయి. బరువు తగ్గేందుకు తినే ఆహారమైనా రోజుకు 1,000 కేలరీల కన్నా తక్కువ ఉండరాదని కూడా చెబుతున్నాయి. ఇది పెళ్లి తేదీకి అందే వేగం కాదు. నిలిచే వేగం మాత్రం ఇదే.

మన సంప్రదాయంలోనూ ఈ మితం ఉంది. హజ్రత్ అబూ దర్దా (రజి) విడవకుండా ఉపవాసాలు పాటిస్తుంటే, ఆయన ఇంటికి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి) పట్టుబట్టి ఆయనచేత భోజనం చేయించారు. ప్రభువుకు హక్కు ఉన్నట్లే నీ ప్రాణానికీ నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయని చెప్పారు. దైవప్రవక్త (స) సల్మాన్ (రజి) మాటే సత్యమన్నారు. కడుపును మూడు వంతులుగా భావించి ఆహారానికి, నీటికి, ఊపిరికి కేటాయించమన్న హదీసు మనందరికీ తెలిసినదే. అయితే దాన్ని పక్కవాడి పళ్లెం మీద కొరడాలా ఝళిపించటం మనకు అలవాటైంది. అది ఎవరి పళ్లెం ముందు వారు గుర్తుచేసుకోవలసిన మాట. రమజాన్‌లో సన్నబడదామని సహరీ మానేసే యువతులకు ఒక విషయం చెప్పాలి. సహరీలో శుభముందని దైవప్రవక్త (స) తెలిపారు. దాన్ని వదలి, ఇఫ్తారులో సమోసాలు, హలీం మీద పడితే ఉపవాసపు సౌఖ్యమూ దక్కదు, బరువూ తగ్గదు.

ఆకలి కాని ఆకలి ఒకటి ఉంటుంది. రాత్రి షిఫ్టు ముగించి బొగ్గు గని నుండి ఇల్లు చేరిన మనిషికి, గల్ఫ్‌కు వెళ్లిన భర్త ఫోను కోసం ఎదురుచూసే ఇల్లాలికి, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అది తెలుసు. కడుపు నిండే ఉంటుంది, చేయి మాత్రం బిస్కెట్ల డబ్బా వైపు వెళ్తుంది. ఆ క్షణంలో తనను తాను తిట్టుకోకుండా, ఇప్పుడు నాకు నిజంగా కావలసింది ఏమిటని ఒక్కసారి అడుగుకోవటం మేలు. కొన్నిసార్లు నిద్ర కావాలి, కొన్నిసార్లు ఏడవటానికి ఒక భుజం కావాలి. వజూ చేసుకుని రెండు రకాతులు నమాజు చదివితే కొందరికి ఆ ఘడియ గడచిపోతుంది. అందరికీ అలా గడవదు. దిగులు వారాల తరబడి వీడకపోయినా, దొంగచాటుగా తినటమో తిన్నది కక్కటమో అలవాటైనా అది వ్యాధి. దానికి చికిత్స తీసుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. థైరాయిడ్, నెలసరి సమస్యలు, కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. పరీక్ష చేయించకుండా తిండిపోతు అని ముద్ర వేయటం అపనింద అవుతుంది.

పెళ్లి సంబంధాలు చూసేవారికి ఒక విన్నపం. అమ్మాయిని చూసి వచ్చాక సంబంధం వద్దనుకుంటే వద్దని మర్యాదగా చెప్పండి. లావుగా ఉందనో బక్కగా ఉందనో కారణం వెతికి మధ్యవర్తి చేత కబురు పంపకండి. ఆ కబురు ఆ పిల్ల చెవిన పడుతుంది. ఏళ్ల తరబడి ఆమె వెంట నడుస్తుంది.

నడక విషయానికి వద్దాం. ఖమ్మంలో లకారం చెరువు కట్ట ఉంది, భద్రాచలంలో గోదావరి కరకట్ట ఉంది. ఫజ్ర్ నమాజు తర్వాత మగవారు గుంపులుగా నడుస్తూనే ఉన్నారు. ఇంట్లోని స్త్రీలను వెంట తీసుకువెళ్లేవారు తక్కువ. తీసుకువెళ్లినా తాము పది అడుగులు ముందు నడిచి, వెనక్కి తిరిగి “త్వరగా రా” అని కేకవేస్తారు. హజ్ యాత్రలో ముజ్దలిఫా రాత్రి హజ్రత్ సౌదా (రజి), తాను భారీ కాయంతో మెల్లగా నడిచే మనిషినని, జనసమ్మర్దం కదలకముందే బయలుదేరతానని అనుమతి కోరారు. దైవప్రవక్త (స) వెంటనే అనుమతించారు. ఆమె నింపాదిగా నడచి వెళ్లారు. తెల్లవారేదాకా ఆగి అందరితో కలిసి కదలిన హజ్రత్ ఆయిషా (రజి), తానూ ఆమెలా అనుమతి అడిగి ఉంటే ఎంత బాగుండేదని తర్వాత అనుకున్నారు.