తావు తప్పిన మూత్రపిండము



మా పొరుగు రైతు కుమారునకు కడుపునొప్పి వచ్చినది. నొప్పి రెండు దినములలో నణగినది గాని, అప్పుడు చేయించిన స్కానింగు చీటిలో “ఎడమ మూత్రపిండము స్వస్థానమున కనబడలేదు” అని యుండెను. మూడేండ్ల క్రిందట ఆ బాలునికి కడుపున శస్త్రచికిత్స జరిగియుండెను. ఇక చెప్పవలయునా? “మాస్టారూ, మావాని పిండమును దొంగిలించినారు” అని తండ్రి వాపోయి, నాటి వైద్యునిపై ఫిర్యాదు చేయ బయలుదేరెను. నేను వారించితిని. మఱల శ్రద్ధగా పరీక్షింపగా, ఆ పిండము పొత్తికడుపులో, మూత్రాశయమునకు చేరువగా, తన పని తాను చేసికొనుచు కానవచ్చెను. పుట్టుకనుండియు నది యచ్చటనే యున్నది.

ఇది యెట్లు సంభవించును? మూత్రపిండములు తామిప్పుడున్న చోట పుట్టవు. గర్భస్థశిశువునకు అవి కటిప్రదేశమున నేర్పడి, సుమారు 6వ వారము మొదలు 9వ వారము లోపల మెల్లగా పైకి జరిగి, వెన్నెముక కిరుప్రక్కల, కడపటి ప్రక్కటెముకల చెంత నిలుచును. పైన కాలేయ ముండుటచే కుడిది యించుక దిగువగా నుండుట సహజము. ఈ ప్రయాణము నడుమ నాగినచో పిండము పొత్తికడుపులోనే నిలిచిపోవును. ఒక్కొకప్పుడు వెన్నెముకను దాటి రెండవ పిండము సరసకు చేరును. మిక్కిలి యరుదుగా ఱొమ్ములోనికిని పోవును. తావు తప్పిన పిండము సుమారు 1000 మందిలో నొకరి కుండునని వైద్యులందురు. రెండింటి క్రిందికొనలు కలిసి గుఱ్ఱపులాడము వలె నగుటయు గలదు. అది సుమారు 500 మందిలో నొకరికి.

ఇట్టివారిలో పెక్కురు ఈ సంగతి యెఱుగకయే సుఖముగా జీవింతురు. చోటు మాఱినంతమాత్రమున పని చెడదు. అయినను మూత్రము సరిగా జాఱక నిలిచినచో రాళ్లును, చీమును పుట్టవచ్చును. కావున రక్తమూత్రముల పరీక్ష యొకమాఱు చేయించుట మేలు. జ్వరముతోడి నొప్పి గాని, మూత్రమున రక్తము గాని కనబడిన జాగు చేయరాదు.

అన్నిటికంటె ముఖ్యము ఆ చీటిని భద్రపఱచుట. పొత్తికడుపులోని పిండమును గడ్డయని భ్రమించి కోసివైచిన సందర్భములు పూర్వము జరిగినవి. కొందఱికి రెండవది పుట్టుకతోనే యుండదు. అట్టివారి కది ప్రాణాపాయము. కావున కడుపునకు శస్త్రచికిత్స జరుగునపుడును, స్త్రీలు గర్భము ధరించినపుడును, ఆ చీటిని వైద్యునకు ముందుగా చూపవలయును.

వాక్యమును తుదముట్ట చదువుడని పిల్లలకు బోధించుటలోనే నా యుద్యోగకాలము గడచినది. చీటిలో “స్వస్థానమున కనబడలేదు” అని యున్నది. ఆ తండ్రి “లేదు” అను మాటను మాత్రమే చదివెను.