1.1.1.1 కబ్జా కథ: ఖాళీగా ఉంది కదా అని ఐపీ అడ్రస్ వాడేస్తే ఏమవుతుంది?

మీలో చాలామంది ఫోన్‌లో డీఎన్‌ఎస్‌ని 1.1.1.1కి మార్చుకుని ఉంటారు. ఇంట్లో బాగానే పనిచేస్తుంది. ఏదో హోటల్ వైఫైకి కనెక్ట్ అవ్వగానే ఆగిపోతుంది. తప్పు ఫోన్‌ది కాకపోవచ్చు. దీని వెనక ఒక కబ్జా కథ ఉంది, ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ముందు బేసిక్స్. ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లు దాదాపు 429 కోట్లు. వీటిని పైస్థాయిలో పంచేది ఐయానా అనే సంస్థ. ఇందులో "రిజర్వ్‌డ్" అంటే రెండు రకాలు. ఒకటి, ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికే శాశ్వతంగా వదిలేసినవి. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, ఇంకా 192.168తో మొదలయ్యేవి. మీ ఇంటి వైఫైలో కనిపించేవి ఇవే. రెండోది, ఇంకా ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టినవి. అంటే ఖాళీ ప్లాటే కానీ, రేపు ఎవరికైనా రిజిస్టర్ అవ్వొచ్చు.

చాలామంది ఈ రెండో రకాన్ని మొదటి రకంలాగా వాడేశారు. 1తో మొదలయ్యే దాదాపు 1.67 కోట్ల అడ్రస్‌లు ఏళ్ల తరబడి ఎవరికీ ఇవ్వలేదు. 1.1.1.1 గుర్తుపెట్టుకోవడం ఈజీ, టైప్ చేయడం ఇంకా ఈజీ. దాంతో టెస్టింగ్‌కి అదే, వైఫై లాగిన్ పేజీకి అదే. సిస్కో వైర్‌లెస్ కంట్రోలర్ల గైడుల్లో కూడా ఉదాహరణగా అదే ఉండేది. ఇంజినీర్లు దాన్నే కాపీ కొట్టారు.

2010 జనవరిలో ఐయానా ఆ బ్లాక్ మొత్తాన్ని ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రస్‌లు ఇచ్చే ఏపీనిక్‌కి అప్పగించింది. అందులో ఎంత చెత్త వస్తుందో చూద్దామని, యూరప్‌లో ఇదే పని చేసే రైప్ ఎన్‌సీసీ 1.1.1.1 ఉన్న చిన్న ముక్కని ఇంటర్నెట్‌లో ప్రకటించింది. అంతే! వాళ్ల 10 ఎంబీపీఎస్ లింక్ వెంటనే నిండిపోయింది. ఎవరెవరి నెట్‌వర్క్‌ల నుంచో లీకవుతున్న ట్రాఫిక్ అది. మామూలు కస్టమర్‌కి ఆ అడ్రస్ ఇస్తే అతని పరిస్థితి ఏంటి?

చివరికి 2018 ఏప్రిల్ 1న ఏపీనిక్‌తో కలిసి క్లౌడ్‌ఫ్లేర్ అక్కడ డీఎన్‌ఎస్ సర్వీస్ మొదలుపెట్టింది. అంత చెత్తని తట్టుకునే నెట్‌వర్క్ వాళ్లకి ఉంది. కానీ కొన్ని రౌటర్లు "1.1.1.1 అంటే నేనే" అనుకుని కూర్చున్నాయి. మీ ఫోన్ పంపిన ప్యాకెట్ బయటికే వెళ్లదు. హోటల్‌లో జరిగేది ఇదే కావచ్చు. అలాంటప్పుడు ఆ కాసేపు డీఎన్‌ఎస్‌ని ఆటోమేటిక్‌లో పెట్టి చూడండి.

గేమర్లకి ఇంకో ఉదాహరణ. ఫ్రెండ్స్‌తో ల్యాన్ గేమ్స్ ఆడటానికి హమాచీ అని ఒక వీపీఎన్ ఉంది. అది 5తో మొదలయ్యే ఖాళీ అడ్రస్‌లు వాడుకునేది. 2010లో వాటికి ఓనర్ వచ్చేశాడు. 2012లో హమాచీ 25తో మొదలయ్యే వాటికి మారింది. అవి ఎవరివో తెలుసా? బ్రిటన్ రక్షణ శాఖవి! ఒక కబ్జా నుంచి ఇంకో కబ్జాకి.

"మా ల్యాబ్ లోపలే కదా, ఎవరికి నష్టం?" అని అడగొచ్చు. నష్టం ముందు మీకే. ఆ అడ్రస్‌కి అసలు ఓనర్ వచ్చి వెబ్‌సైట్ పెడితే, ప్రపంచమంతా తెరుచుకుంటుంది, మీ నెట్‌వర్క్‌లో మాత్రం తెరుచుకోదు. కారణం దొరకడానికి రోజులు పట్టొచ్చు, ఎందుకంటే సెట్ చేసినవాడు అప్పటికి ఉద్యోగం మారి ఉంటాడు.

కాబట్టి రూల్ సింపుల్. లోపల వాడకానికి పైన చెప్పిన మూడు ప్రైవేట్ రేంజ్‌లే. 172.32 అంటే ప్రైవేట్ కాదు, జాగ్రత్త. నోట్స్‌లో, ట్యుటోరియల్‌లో ఉదాహరణ చూపించాలంటే 192.0.2తో మొదలయ్యేవి దానికోసమే కేటాయించారు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి నెట్‌వర్క్‌కి వాడుకోవడానికి 2012లో ఇచ్చినవి, మీ ఇంటి వైఫైకి కాదు.

ఇప్పుడే ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి మీ ఐపీ చూడండి. దేనితో మొదలవుతుందో కామెంట్‌లో ఆ మొదటి నంబర్ ఒక్కటే రాయండి. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.