లెక్కలో ఆరు, అరలో సున్నా

"ఆ సబ్బులు సిస్టంలో ఆరు చూపిస్తోందండీ, అరలో మాత్రం లేవు." సూపర్ మార్కెట్‌కి వెళ్లేవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. మనం విసుక్కుని వేరే రకం తీసుకుంటాం, లేదా పక్క కొట్టుకు పోతాం. మేనేజరు కుర్రాడిని కేకలేస్తాడు. ఆ ఆరు సబ్బులు ఎటుపోయాయో విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఓపిగ్గా ఆరా తీశారు.

అమెరికాలో ఒకే సంస్థ నడిపే 37 దుకాణాల్లో పరిశోధకురాలు నికోల్ డెహోరేషియస్, హార్వర్డ్ ప్రొఫెసర్ అనంత్ రామన్ కలిసి దాదాపు 3,70,000 స్టాకు లెక్కలను పరిశీలించారు. కంప్యూటర్ చూపిన సంఖ్యకూ, మనుషులు లెక్కపెట్టిన సరుకుకూ 65 శాతం చోట్ల పొంతన లేదు. 2008లో ఇది అచ్చయింది. అంత తేడా అనగానే దొంగతనమే గుర్తొస్తుంది. కానీ కొన్నిచోట్ల లెక్కకంటే సరుకే ఎక్కువగా ఉంది! దొంగలు సరుకు తెచ్చిపెట్టరు కదా.

మరి తప్పు ఎలా దొర్లుతుంది? గంధం, వేప, గులాబీ సబ్బులు ఒక్కొక్కటి తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాం. మూడింటి ధరా ఒకటే. వెనక జనం పెరుగుతున్నారు. క్యాషియర్ తొందరలో గంధం సబ్బునే మూడుసార్లు స్కాన్ చేస్తాడు. డబ్బు పైసాతో సహా సరిపోతుంది. సరుకు లెక్క మాత్రం ఒక్క దెబ్బకు మూడుచోట్ల తప్పుతుంది: లెక్కలో గంధం రెండు తగ్గిపోతాయి, వేప, గులాబీ అమ్ముడే పోనట్టు ఉంటాయి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నిల్వ నాలుగుకు దిగగానే కొత్త సరుకు తెప్పించమని కంప్యూటర్‌కి చెప్పి ఉంచారనుకుందాం. ఇలాంటి పొరపాట్లు పేరుకుని వేప సబ్బు లెక్కలో ఆరు, అరలో సున్నా అయింది. సరుకు లేదు కనుక అమ్మకం లేదు. అమ్మకం లేదు కనుక ఆరు ఆరుగానే ఉండిపోతుంది. నాలుగుకు దిగదు, ఆర్డరు వెళ్లదు. ఎవరో ఒకరు వెళ్లి చేత్తో లెక్కపెట్టేదాకా ఆ అర ఖాళీయే. హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లకు మాత్రం వేప సబ్బును జనం కొనడం మానేసినట్టు కనిపిస్తుంది. కిరాణా కొట్టులో ఈ బాధ తక్కువ. అక్కడ సరుకు చూసే కళ్లూ, చీటీ రాసే చెయ్యీ ఒకరివే.

ఒక్కోసారి సరుకు వెనక గదిలోనే ఉంటుంది, అరకు చేరదు. అర్కాన్సా విశ్వవిద్యాలయం 2005లో వాల్‌మార్ట్ దుకాణాల్లో చేసిన పరిశీలన దీని మీదే. 12 దుకాణాల్లో సరుకు పెట్టెలకు రేడియో తరంగాలతో చదవగలిగే చీటీలు అంటించారు. పెట్టె గుమ్మం దాటితే యంత్రం పసిగడుతుంది. ఏది లోపలే ఉండిపోయిందో, ఏది అరల దగ్గరికి తేవాలో సిబ్బందికి జాబితా అందుతుంది. ఆ చీటీలు లేని మరో 12 దుకాణాలతో 29 వారాలు పోల్చి చూశారు. చీటీలున్నచోట సరుకు దొరకని సందర్భాలు 16 శాతం తగ్గాయి.

ఇంత ఖర్చు అన్ని దుకాణాలూ పెట్టలేవు, నిజమే. కానీ బాగా అమ్ముడయ్యే సరుకుల్లో నాలుగు రోజులుగా ఒక్కటీ కదలనివి ఏవో సాయంత్రానికి కంప్యూటర్‌లోంచి తీసి, ఆ అరల దగ్గరికి ఒక మనిషిని పంపడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. అందుకో పావుగంట తీరిక సిబ్బందికి ఇవ్వాల్సింది మేనేజరే.