కుర్సీ వదిలి పొలానికి వెళ్లిన అధ్యక్షుడు

సోమాలియా రాజధాని మొగదిషులోని విమానాశ్రయానికి 2007 నుంచి ఒక పాత అధ్యక్షుడి పేరు ఉంది. ఆయన ఆదన్ అబ్దుల్లా ఉస్మాన్. జనం పిలుచుకున్న పేరు ఆదన్ అద్దె. అద్దె అన్నది ముద్దుపేరు. అరబ్బీ 'ఐన్' అక్షరంతో గొంతులోంచి పలకాలి. పచ్చని మేనిఛాయ గలవాడని అర్థం. మన తెలుగులో ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తెలిసి ఉండదు గానీ, పదవిని మాత్రం అద్దె ఇల్లులాగే చూశారు. గడువు తీరిన రోజున తాళంచెవి అప్పగించి వెళ్లిపోయారు.

1908లో షెబెలె నది ఒడ్డున ఉన్న బెలెద్వెయిన్ పట్టణంలో పేద కుటుంబంలో పుట్టారు. ఇటలీ వారి పాలనలో ఉద్యోగం చేశారు. 1944లో, తర్వాత సోమాలీ యూత్ లీగ్‌గా పేరు మార్చుకున్న సంస్థలో చేరారు. సోమాలీలకు మతం ఒకటే, భాష ఒకటే. అయినా తెగల పేరుతో చీలికలు ఎక్కువ. ఆ చీలికలు పోవాలన్నదే లీగ్ ప్రధాన ఉద్దేశం. 1956లో శాసనసభకు ఆయన అధ్యక్షుడయ్యారు. 1960 జులై 1న, బ్రిటిష్ వారి ఉత్తర భాగం, ఇటలీ వారి దక్షిణ భాగం కలిసి ఒకే దేశమైనప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే.

కలిసిందన్న మాటే గానీ కాపురం తేలిక కాదు. ఉత్తరాన కచేరీ కాగితాలు ఇంగ్లీషులో, దక్షిణాన ఇటాలియన్‌లో. చట్టాలు కూడా వేరు వేరు. సోమాలీ భాషకు 1972 దాకా అధికార లిపే లేదు. అరబ్బీ లిపి కావాలని కొందరు, లాటిన్ లిపి కావాలని కొందరు, స్వదేశంలోనే పుట్టిన ఉస్మానియా లిపి కావాలని మరికొందరు వాదించుకున్నారు. (మన హైదరాబాదు ఉస్మానియాకూ దీనికీ సంబంధం లేదు.)

1964 ఎన్నికల తర్వాత ఆదన్ సాబ్ ఒక కఠిన నిర్ణయం తీసుకున్నారు. అప్పటిదాకా ప్రధానిగా ఉన్న అబ్దిరషీద్ అలీ షర్మార్కేను పక్కనపెట్టి, అబ్దిరజాక్ హాజీ హుస్సేన్‌ను ప్రధానిగా నియమించారు. సభ మొదట ఒప్పుకోలేదు. అయినా అధ్యక్షుడు తన మాట మార్చుకోకుండా ఆయన్నే మళ్లీ సభ ముందుకు పంపారు. రెండోసారి నెగ్గారు. అబ్దిరజాక్ అవినీతి ఉద్యోగుల మీద కఠినంగా వ్యవహరించారు. అలాంటి మనిషికి శత్రువులు పెరగరా మరి?

ఆ లెక్క 1967 జూన్ 10న తేలింది. 123 మంది సభ్యుల జాతీయ సభ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. పోటీకి నిలిచింది షర్మార్కే సాబే. ఆదన్ ఓడిపోయారు.

ఆ రోజుల ఆఫ్రికాను ఒకసారి గుర్తు చేసుకోండి. అల్జీరియాలో బెన్ బెల్లాను 1965లో సైన్యం దించేసింది. నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవాను 1966 జనవరిలో చంపేశారు. మరుసటి నెలలోనే ఘనాలో న్‌క్రుమా పదవి పోయింది. కుర్సీలో ఉన్నవాడు ఓటుతో ఓడి, మారు మాట్లాడకుండా లేచి, గెలిచినవాడికి చోటివ్వడం స్వతంత్ర ఆఫ్రికాలో అదే మొదటిసారి అంటారు. ఇక్కడ నాకు ఒక మసీదు కమిటీ గుర్తొస్తుంది. ఎన్నికలో ఓడిన సదర్ సాబ్ లెక్కల పుస్తకం ఇంటికి పట్టుకుపోయి ఎనిమిది నెలలు ఇవ్వలేదు. అంతా చేసి ఆ కమిటీ ఆదాయం రెండు దుకాణాల కిరాయి!

ఆదన్ సాబ్ షెబెలె నది దిగువన జనాలె దగ్గరి తన పొలానికి వెళ్లి సేద్యం చేసుకున్నారు. కానీ దేశం నెమ్మదిగా ఉండలేదు. 1969 అక్టోబరు 15న షర్మార్కేను ఒక పోలీసు కాల్చి చంపాడు. ఆరు రోజులకు జనరల్ సియాద్ బర్రె సైన్యంతో అధికారం లాక్కున్నాడు. రాజ్యాంగం పక్కకు పోయింది, పార్లమెంటు రద్దయింది. పొలం పని చేసుకునే మాజీ అధ్యక్షుణ్ణి కూడా పట్టుకెళ్లి 1973 దాకా నిర్బంధించారు.

విడుదలయ్యాక ఆయన మళ్లీ పొలానికే వెళ్లారు. 1990లో వందమందికి పైగా పెద్దలు బర్రె పాలనను విమర్శిస్తూ ఒక ప్రకటన మీద సంతకాలు చేసినప్పుడు, అందులో ఆయన సంతకమూ ఉంది. వయసు ఎనభై దాటింది. అయినా మళ్లీ కొద్దికాలం జైలుకు పంపారు. మరుసటి జనవరిలో బర్రె రాజధాని వదిలి పారిపోయాడు. ఆ వెనకే అంతర్యుద్ధం.

2007 జూన్ 8న నైరోబీలో, 98 ఏళ్ల వయసులో ఆదన్ సాబ్ కన్నుమూశారు.

2017 ఫిబ్రవరి 8న సోమాలియా పార్లమెంటు సభ్యులు కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి కూడారు. ఊళ్లో బాంబుల భయం వల్ల ఓటింగు విమానాశ్రయం ఆవరణలో, విమానాలు నిలిపే షెడ్డులో పెట్టారు. పదవిలో ఉన్న హసన్ షేఖ్ మొహమూద్ రెండో విడతలో వెనకబడ్డారు. మూడో విడత దాకా ఆగకుండా అక్కడే ఓటమి ఒప్పుకున్నారు. ఆ విమానాశ్రయం ఆదన్ అద్దె పేరిట ఉన్నదే.