కన్ను చెప్పని మాట కంప్యూటరు చెబుతుంది

పిల్లలూ! నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు, వేల్పూర్ ప్రాంతాలు పసుపు పంటకు పేరుపొందినవని మీకు తెలుసు కదా! అక్కడి రైతులను దుంపకుళ్ళు తెగులు గురించి అడిగి చూడండి. ఈ తెగులు మట్టిలో మొదలవుతుంది. పైన ఆకుల అంచులు ఎండి మొక్క వాడే వేళకు, లోపల దుంప మెత్తబడిపోయి వుంటుంది. అందుకే తెలిసిన రైతు ఆకు ఎండేదాకా ఆగడు. మధ్యమధ్య మొక్క మొదలు చూస్తూనే వుంటాడు.

మన శరీరంలోనూ ఇలాంటి దొంగ తెగులు ఒకటి వుంది. చక్కెర వ్యాధి, అంటే మనవాళ్ళు షుగరు అనే జబ్బు, ముదిరి కంటికి చేసే హాని అది. డాక్టర్లు దీన్ని డయాబెటిక్ రెటినోపతి అంటారు. దీన్ని ముందే పట్టుకోవడంలో కంప్యూటరు ఎలా సాయపడుతుందో చూద్దాం.

కంటి వెనుక తెర

కన్ను కెమేరా లాంటిదని పాఠంలో చదివారు. కెమేరాలో ఫిల్ము వున్నట్టే, కంటి లోపల వెనుక గోడకు అంటుకొని రెటీనా అనే పలుచని తెర వుంటుంది. మనం చూసేదాని బింబం పడేది దానిమీదనే. ఈ తెరకు వెంట్రుక కన్న సన్నని రక్తనాళాలు ఆహారం అందిస్తాయి.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా వుంటే ఈ నాళాల గోడలు బలహీనపడతాయి. కొన్నిచోట్ల బుడిపెల్లా ఉబ్బుతాయి. కొన్నిచోట్ల రక్తం, నీరు కారుతుంది. మరికొన్ని మూసుకుపోతాయి. అప్పుడు ఆహారం అందని రెటీనా కొత్త నాళాలను మొలిపించుకుంటుంది. అవి నాసిరకం నాళాలు. పుటుక్కున చిట్లి కంటిలో రక్తం నిండవచ్చు. చివరకు రెటీనాయే ఊడి రావచ్చు.

విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా మొదట్లో నొప్పి వుండదు, మంట వుండదు, చూపు కూడా తగ్గదు! గోడమీది చార్టులో చిన్న అక్షరాలు సైతం గడగడ చదివేస్తారు. కాబట్టి చార్టు చదివినంత మాత్రాన రెటీనా బాగున్నట్టు కాదు. కంటి పాపగుండా లోపలికి చూడాలి, లేదా ప్రత్యేకమైన కెమేరాతో రెటీనాను ఫోటో తీయాలి. పెద్దవాళ్ళలో ఎక్కువగా వచ్చే రకం షుగరు అయితే, జబ్బు బయటపడిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత మామూలుగా ఏడాదికొకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి.

ముందే పట్టుకుంటే మందుందా? వుంది. ముదిరిన దశలో కూడా లేజరు చికిత్స చూపు బాగా దెబ్బతినే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన 1976లోనే తేల్చింది. ఇప్పుడు కంటిలోకి ఇచ్చే సూదిమందులు కూడా వున్నాయి. కాని పోయిన చూపును పూర్తిగా తిరిగి తేవడం చాలాసార్లు సాధ్యం కాదు. వున్నదాన్ని కాపాడుకోవడమే తెలివి.

పేర్ల పట్టిక మహిమ

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు వున్నదని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం లెక్కగట్టింది. 40 ఏళ్ళు దాటిన షుగరు రోగులలో నూటికి సుమారు 12 మందికి రెటీనా దెబ్బతిన్నదనీ, నూటికి 4 గురికి చూపు పోయే ప్రమాదం వున్నదనీ 2022లో మరో అధ్యయనం చెప్పింది. వీరిని గుర్తుపట్టడం ఎలా? కన్ను తానుగా చెప్పదాయె!

దీనికి వేల్పూరే ఒక దారి చూపింది. 2001లో ఆ మండలంలో, బడికి రాకుండా పనిపాటలకు పోతున్న పిల్లలను ఊరూరా వెదికి, పేరుపేరునా లెక్క తీసి బడిలో చేర్పించారు. ఆ ఏడు అక్టోబరు 2న వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. చూశారా! “చాలామంది రావడం లేదు” అనుకుంటూ కూర్చుంటే పని జరగదు. “ఫలానా ఇంటి ఫలానా పిల్లవాడు” అని తెలిస్తే, వెళ్ళి పిలుచుకు రావచ్చు.

ఆరోగ్య రికార్డుల సాఫ్ట్‌వేరు చేసే పని సరిగా ఇదే. ప్రతి రోగికి ఒక నంబరు వుంటుంది. ఆ నంబరు కింద పేరు, ఊరు, ఫోను, షుగరు ఎప్పుడు బయటపడింది, కళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అన్నవి నమోదవుతాయి. ఇక కంప్యూటరుకు ఒక చిన్న సూత్రం నేర్పుతారు: “షుగరు వుండి, కంటి పరీక్ష జరిగి ఏడాది దాటితే, లేక పరీక్ష తేదీ గడి ఖాళీగా వుంటే, ఆ పేరు చూపించు.”

ఉదాహరణకు, ఒక తాతగారికి 2024 మార్చి 5న కంటి పరీక్ష జరిగిందనుకోండి. 2025 మార్చి 5 దాటగానే ఆయన పేరు పట్టికలోకి ఎక్కుతుంది. ఆయన జ్వరానికి మందు కోసం వచ్చినా సరే, “ఈయన కళ్ళు చూపించారా?” అని డాక్టరు ముందున్న తెర అడుగుతుంది. ఫోనుకు సందేశం పంపవచ్చు. ఆ ఊరి ఆశా కార్యకర్తకు పట్టిక అందించవచ్చు.

దూరదేశంలో, మన పక్కనే

ఇంగ్లండులో 2003 నుండి ఇలాంటి ఏర్పాటును దేశమంతటా విస్తరించారు. షుగరు వున్నవారి పేర్లు డాక్టర్ల కంప్యూటర్ల నుండి తీసుకొని, 12 ఏళ్ళు నిండిన ప్రతివారికీ పరీక్షకు పిలుపు పంపుతారు. ఫలితం? ఇంగ్లండు, వేల్సులలో పనిచేసే వయసువారి అంధత్వానికి ప్రధాన కారణం 2009–10 నాటికి ఈ జబ్బు కాదని 2014లో తెలిసింది. కనీసం 50 ఏళ్ళలో అది మొదటిసారి! షుగరు అదుపు మెరుగవడంతో పాటు ఈ పిలుపులు కూడా అందుకు తోడ్పడ్డాయని పరిశోధకులు భావించారు.

మన దగ్గరా పునాది పడింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, నిజామాబాదు నుండి గోదావరి దాటితే వచ్చే ముధోల్‌లో 1996లోనే కంటి ఆసుపత్రి తెరిచింది. ‘ఐస్మార్ట్’ అనే రికార్డుల సాఫ్ట్‌వేరును ఆ సంస్థే స్వయంగా తయారుచేసుకొని, 2010 నుండి వాడుతూ, మొదటి ఎనిమిదేళ్ళలోనే 20 లక్షల మందికి పైగా రోగుల వివరాలను భద్రపరచింది. కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరు 27న ప్రారంభించిన డిజిటల్ ఆరోగ్య పథకంలో ప్రతివారూ 14 అంకెల ‘ఆభా’ సంఖ్య పొందవచ్చు. వేర్వేరు ఆసుపత్రుల రికార్డులను, రోగి అనుమతితో, ఒకచోట కలపడానికి ఇది పనికి వస్తుంది.

బస్సెక్కించేది ఎవరు?

అయితే కంప్యూటరు సర్వజ్ఞుడు కాదు. ఫోను నంబరు తప్పు రాస్తే పిలుపు మరొకరికి పోతుంది. అసలు షుగరు పరీక్షే చేయించుకోనివారి పేరు పట్టికలో వుండదు. ఇతరుల జబ్బు వివరాలు అందరి కంటా పడకూడదు కనుక తాళం కూడా గట్టిగా వుండాలి.

మరో మాట. పట్టిక పేరు చూపగలదు గాని, మనిషిని బస్సెక్కించలేదు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజుల్లో ఒక పూట పని మానుకోవడం కష్టం. “నాకు బాగానే కనబడుతోంది కదా!” అని నానమ్మ అనవచ్చు. పరీక్షకు ముందు చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా వుంటుంది కాబట్టి తోడు కావాలి.

ఇక్కడే మీ అవసరం వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా షుగరు వుంటే, ఈరోజే ఒక కాగితం తీసుకోండి. షుగరు బయటపడిన సంవత్సరం, రెటీనా పరీక్ష జరిగిన చివరి తేదీ రాయండి. రెండో గడి ఖాళీగా మిగిలినా, ఆ తేదీకి ఏడాది దాటినా, పెద్దవాళ్ళకు చూపించండి. ఆసుపత్రికి వెళ్ళేరోజున వారి చెయ్యి పట్టుకొని తోడు వెళ్ళండి.