ఈ-పుస్తకం తయారీలో వచ్చే లోపాలు, వాటి సవరణ

సంఘం బైలాలు, పాల ధరల పట్టిక, పశుపోషణ సూచనలు ఈ-పుస్తకంగా చేసి సభ్యుల ఫోనులకు పంపదలచిన కార్యదర్శులు ఈ విషయాలు గమనించవలెను. కార్యాలయపు కంప్యూటరులో ముచ్చటగా కనబడిన పుస్తకం పాలు పోసే రైతు ఫోనులోకి వెళ్ళేసరికి ఒత్తులు విడిపోయి, ఖాళీ గడులు తేలి కనిపించవచ్చు. ఫోను మంచిది కాదనుకోవడం పరిపాటి. చాలా సందర్భాలలో లోపం ఫోనులో కాదు, మూల ప్రతిలోనే ఉంటుంది.

కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా కాక సంఖ్యగా దాచుకుంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ విధానం తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించింది. డి.టి.పి. సెంటర్లలో వాడుతూ వచ్చిన అను వంటి పాత ఫాంట్ల పద్ధతి వేరు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలు తొడుగుతాయి. ఆ ఫాంటు లేని ఫోనులో తొడుగు ఊడిపోయి, లోపలి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బయటపడతాయి. ప్రెస్సులో అచ్చువేసిన బైలాల ఫైలు చేతిలో ఉన్నది కదా అని అలాగే ఈ-పుస్తకం చేయరాదు. ముందు దానిని యూనికోడులోకి మార్చి, మార్చిన ప్రతిని అచ్చు ప్రతితో పక్కపక్కన పెట్టి చదవాలి. మార్పిడిలో ఒత్తులు, అంకెలు తారుమారయ్యే అవకాశం ఉన్నది. బైలాలలో ఒక అంకె మారితే మహాజన సభలో ఎంత రభస అవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

యూనికోడులో ఉన్నా చిక్కులు రావచ్చు. ‘క్ష’ అనే అక్షరం లోపల క, పొల్లు, ష అని మూడు సంఖ్యలుగా ఉంటుంది. వాటిని కలిపి ఒక రూపంగా చూపడం ఫాంటు, చదివే సాఫ్ట్‌వేరు చేసే పని. పాత విండోస్‌లో గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో, కొన్ని లినక్స్‌లలో లోహిత్ – ఇలా ఒక్కొక్క చోట ఒక్కొక్క ఫాంటు ఉంటుంది. పంక్తుల ఎత్తు, పేజీల విరుపు మారడం అందువల్లనే. అది లోపం కాదు. పొల్లు విడిగా కనబడితే మాత్రం మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంటును పుస్తకంలోనే జతచేసి చూడాలి. అప్పటికీ విడిగానే ఉంటే చదివే సాఫ్ట్‌వేరును మార్చాలి. ‘బ్యాంక్‌లో’ అన్నది ‘బ్యాంక్లో’ అయితే మధ్యనుండే కనబడని విడదీత గుర్తు మార్పిడిలో పోయిందని అర్థం.

అన్నిటికన్న ముఖ్యం ధరల పట్టిక. వెన్న శాతం నిలువున, ఎస్.ఎన్.ఎఫ్. అడ్డంగా వేసే పెద్ద పట్టిక ఫోను తెర వెడల్పుకు పట్టదు. కుడివైపు గడులు తెగిపోతే రైతు పక్క గడిలోని ధరను తన ధరగా చదువుకుంటాడు. మరునాడు పాల కేంద్రం దగ్గర తగాదా తప్పదు. పట్టికను ఫోటో తీసి అతికిస్తే అంకెలు చీమలంత అవుతాయి; పెద్దవి చేస్తే మసకబారుతాయి. వెన్న శాతం వారీగా విడగొట్టి, ఒక్కొక్క దానికి రెండే వరుసల చిన్న పట్టిక ఇవ్వడం నా అభిప్రాయంలో మేలు. పుస్తకం పొడవవుతుంది, కానివ్వండి.

ఈపబ్ అనే ఈ-పుస్తకం నిజానికి కొన్ని ఫైళ్ళను కట్టగట్టిన జిప్ మూట. లోపల బొమ్మ పేరు ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలతో, దానిని పిలిచే చోట చిన్నబడితో ఉంటే విండోస్‌లో విప్పి చూసినప్పుడు సర్దుకుపోతుంది. లినక్స్‌లోను, ఈపబ్ చదివే సాఫ్ట్‌వేరులోను బొమ్మ రాకపోవచ్చు. అన్ని పేర్లూ చిన్నబడిలో, ఖాళీలు లేకుండా పెట్టండి. మూటను విప్పి మామూలు జిప్‌తో తిరిగి కట్టరాదు. దానిలో మొదట ఉండవలసిన ‘మైమ్‌టైప్’ అనే చిన్న ఫైలు స్థానం తప్పితే పుస్తకం కొన్నిచోట్ల తెరుచుకోదు. సవరణలు సిగిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో చేసుకోవచ్చు. లిబ్రాఫీసు వాడే సంఘాలకు 2018లో వచ్చిన 6.0 నుండి నేరుగా ఈపబ్ తీసే సౌకర్యం ఉన్నది.

పి.డి.ఎఫ్. చాలదా అని కొందరు అడుగుతారు. అచ్చుకు చాలును. కాని అందులో అక్షరాలు పెద్దవి చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. సరియైన యూనికోడ్ ఈపబ్‌ను చూపు తగ్గిన సభ్యులు అక్షరం పెంచుకుని చదువుకోవచ్చు. చదువురాని సభ్యురాలు ఫోను చేత చదివించుకుని వినవచ్చు.

పంపే ముందు ఈపబ్‌చెక్ అనే ఉచిత సాధనంతో తనిఖీ చేయండి. ఫైళ్ళ లోపాలు అది చెబుతుంది. తెలుగు తప్పులు చెప్పదు. ఆ పని కోసం పాలకవర్గ సభ్యులలో ఇద్దరి ఫోనులు, ఒకటి పాతది, ఒకటి కొత్తది, తీసుకుని ధరల పట్టికను మొదటి గడి నుండి చివరి గడి వరకు చదివి చూడవలెను.