ప్రార్థన చేయండి, మందు మాత్రం ఆపకండి

రోగి కుటుంబానికి, సంఘానికి లేఖనం నేర్పే పాఠాలు

ఇంట్లో ఒకరు జబ్బుపడితే ఇల్లంతా జబ్బుపడినట్టే. ఒకరు కూలి పని మానుకుంటారు, ఒకరు బడి మానుకుంటారు, ఇంకొకరు అప్పు కోసం తిరుగుతారు. ఇన్ని కష్టాల మధ్య సలహాలకు మాత్రం కొదువ ఉండదు. డాక్టరు గారు చెప్పినట్టు వినమని ఒకరంటారు. ఫలానా చోట స్వస్థత కూడిక జరుగుతోంది, అక్కడికి తీసుకెళ్ళమని ఇంకొకరంటారు. మందులు మింగుతున్నావంటే నీకు విశ్వాసం లేనట్టే కదా అని మనసు నొప్పించేవారు కూడా ఉంటారు. తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపక్కల గ్రామాల నుండి ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో ఈ మాటల మధ్య నలిగిపోయేవారు ఉన్నారు. ఈ వ్యాసం వారి కొరకు. మీరు ఏ మతానికి చెందినవారైనా ఇందులోని ఆరోగ్య విషయాలు మీకు పనికివస్తాయి.

వైద్యం విశ్వాసానికి వ్యతిరేకమా?

కాదు. బైబిలు గ్రంథమే దీనికి సాక్ష్యం. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో మంచం పట్టినప్పుడు కన్నీళ్ళతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయించాడు (2 రాజులు 20). ప్రార్థన విన్న దేవుడు పట్టీని వద్దనలేదు.

సువార్త రాసిన లూకా స్వయంగా వైద్యుడు. పౌలు ఆయనను ప్రియమైన వైద్యుడిగా పేర్కొన్నాడు (కొలొస్సయులకు 4:14). వైద్యం మానుకుంటేనే నా వెంట రావాలని పౌలు ఆయనతో అనలేదు. తరచుగా కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి, ఆ కాలంలో ఔషధంగా వాడే ద్రాక్షారసం కొద్దిగా పుచ్చుకోమని సలహా ఇచ్చాడు (1 తిమోతి 5:23). యేసు ప్రభువు కూడా రోగికి వైద్యుడు అవసరమనే మాటను అందరికీ తెలిసిన సత్యంగానే వాడుకున్నారు (మత్తయి 9:12).

మంచి సమరయుని సంగతి మీకు తెలుసు. అతడు దారిలో పడి ఉన్నవాని గాయాలు కడిగి, నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టాడు. తన వాహనం మీద పూటకూళ్ల ఇంటికి చేర్చాడు. రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు (లూకా 10). ప్రథమ చికిత్స, రోగిని చేరవేయడం, బిల్లు కట్టడం, మళ్ళీ వచ్చి చూడడం అన్నీ ఆ కథలో ఉన్నాయి. ప్రభువు దానినే ప్రేమకు మాదిరిగా చూపించారు.

తగ్గిందని ఎవరు చెప్పాలి?

ప్రార్థన తరువాత శరీరం తేలికగా అనిపించవచ్చు. అది సంతోషించవలసిన విషయమే. అయితే జబ్బు పోయిందా లేదా అన్నది మన అనుభూతి చెప్పలేదు. యేసు పదిమంది కుష్ఠురోగులను ఎక్కడికి పంపారో గమనించండి. వెళ్ళి యాజకులకు కనపరచుకోమన్నారు (లూకా 17). ఆ రోజుల్లో ధర్మశాస్త్రం ప్రకారం చర్మాన్ని పరీక్షించి, ఈ మనిషి శుద్ధుడయ్యాడని చెప్పే బాధ్యత యాజకులది. అద్భుతం చేయగలిగిన ప్రభువే పరీక్షకు పంపారు. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

కాబట్టి ఎవరైనా మీకు తగ్గిపోయింది, మందులు పారేయండి అని చెబితే మీ జవాబు ఒక్కటే కావాలి. "దేవునికి స్తోత్రం. డాక్టరు గారికి చూపించి, ఆయన ఆపమంటే ఆపుతాము."

మందు ఆపితే ఏమవుతుందో తెలుసుకోండి:

• క్షయ (టీబీ): సాధారణ టీబీకి మందులు కనీసం ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలలోనే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. అంతమాత్రాన క్రిములన్నీ చనిపోయినట్టు కాదు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మళ్ళీ విజృంభిస్తాయి, మందులకు లొంగకుండా మొండికేస్తాయి. ఆ జబ్బు ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు.

• మూర్ఛ (ఫిట్స్): మందులు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వెంటవెంటనే వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

• షుగరు, బీపీ: ఇవి పైకి కనిపించకుండా లోపల నష్టం చేస్తాయి. బాగానే ఉన్నాను కదా అని ఆపితే మూత్రపిండాలు, కళ్ళు, గుండె దెబ్బతింటాయి. పక్షవాతం రావచ్చు. ఇన్సులిన్ మీదే ఆధారపడిన పిల్లలకు అది ఆపితే కొద్ది రోజులలోనే ప్రాణాపాయం.

• హెచ్ఐవీ: ఏఆర్‌టీ మందులు జీవితాంతం వాడాలి. క్రమంగా వాడేవారు పనిపాటలు చేసుకుంటూ ఎన్నో ఏళ్ళు బ్రతుకుతున్నారు.

ఎవరి పాపం వల్ల?

ఈ ప్రశ్న కొత్తది కాదు. పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులే అడిగారు, ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని. ఇద్దరూ కారణం కాదని ప్రభువు తేల్చి చెప్పారు (యోహాను 9). అయినా మనం నేటికీ టీబీ వచ్చిన కోడలిని, హెచ్ఐవీ సోకిన విధవరాలిని, ఫిట్స్ వచ్చే పిల్లవానిని అదే ప్రశ్నతో గుచ్చుతూనే ఉన్నాము. సంఘంలో వెనుక వరుసలో కూర్చోబెడతాము. వారి ఇంట్లో కాఫీ తాగము.

కుష్ఠువ్యాధి సంగతి చూడండి. లేఖనంలో కుష్ఠు అనే మాట అనేక చర్మరోగాలకు వాడబడింది. అటువంటివారు ఊరి బయట ఉండాలి, ఎవరూ ముట్టకూడదు. యేసు మొదట చేయి చాపి ముట్టుకున్నారు, ఆ తరువాతే వాడు శుద్ధుడయ్యాడు (మార్కు 1). ఈ క్రమం ముఖ్యమైనది. బాగైన తరువాత దగ్గరకు తీయడం ఎవరైనా చేస్తారు.

ఈ పాఠాన్ని మన ప్రాంతంలోనే ఆచరణలో పెట్టినవారు ఉన్నారు. మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వెళ్ళే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. నిజాం కాలంలో, 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి ప్రారంభమయింది. స్కాట్లాండ్ నుండి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ దానిని నడిపించారు. దానికి పెద్ద మొత్తంలో ధనసహాయం చేసిన నర్సాగౌడ్ హిందువు. అప్పటికి సరైన మందు లేదు. చాల్‌మోగ్రా నూనె ఇంజెక్షన్లే ఆధారం. అవి నొప్పి పుట్టించేవి, అందరికీ పనిచేసేవి కావు. అయినా ఎవరూ ముట్టని మనుషులను ముట్టుకొని కట్లు కట్టే చోటు ఒకటి ఏర్పడింది. ఇసబెల్ కెర్ 1932లో మరణించేవరకు ఆ సేవలోనే ఉన్నారు.

ఈనాడు కుష్ఠుకు ఆరు నెలలు లేక పన్నెండు నెలల మందుల కోర్సు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. చికిత్స మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు సోకే శక్తి దాదాపు పోతుంది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధనను మన దేశంలో 2019లో చట్టం నుండి తొలగించారు. చట్టమే మారింది, మన మనసులు మారవద్దా? చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దాచిపెట్టకుండా చూపించండి.

విశ్వాసానికి చేతులు ఉంటాయి

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకువచ్చారు. జనం వల్ల లోపలికి వెళ్ళలేక ఇంటి కప్పు విప్పి మంచాన్ని దించారు (మార్కు 2). యేసు వారి విశ్వాసాన్ని చూశారని సువార్త చెబుతుంది. మంచం మీద ఉన్నవాని విశ్వాసం ఎంత అని ఎవరూ అడగలేదు, అతని నోటి నుండి ఒక్క మాట కూడా లేదు. నీకు విశ్వాసం చాలలేదు కాబట్టే తగ్గలేదని రోగిని నిందించేవారు ఈ అధ్యాయాన్ని మళ్ళీ చదవాలి. రోగి అలసిపోయినప్పుడు నమ్మవలసినది, మోయవలసినది మిగిలినవారు.

మీ సంఘంలో ఆ నలుగురు ఎవరు? ఒకరు రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళే బాధ్యత తీసుకోవచ్చు. ఒకరు రక్తం ఇవ్వవచ్చు. ఒకరు రోగి పిల్లలకు వారం రోజులు అన్నం పెట్టవచ్చు. ఒకరు రోజూ ఫోను చేసి మందు వేసుకున్నారా అని అడగవచ్చు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన నిక్షయ్ మిత్ర పథకం కింద సంఘాలు, సంస్థలు, వ్యక్తులు ఎవరైనా టీబీ రోగులకు పోషకాహారం అందించే బాధ్యత తీసుకోవచ్చు. చికిత్సలో ఉన్న టీబీ రోగికి ప్రభుత్వం పోషణ కోసం ఇచ్చే సొమ్ము కూడా 2024 నవంబరు నుండి నెలకు 500 నుండి 1000 రూపాయలకు పెరిగింది. మీ రోగికి అది అందుతోందో లేదో దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఉపవాసం, నూనె, పరామర్శ

శ్రమల దినాలలో ఉపవాసం ఉండాలని చాలామంది రోగులు కోరుకుంటారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. షుగరు మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, తికమకగా మాట్లాడడం కనిపిస్తాయి. స్పృహ ఉంటే వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. దేవుడు కోరే ఉపవాసం ఆకలిగొన్నవానికి అన్నం పెట్టడమని యెషయా గ్రంథం 58వ అధ్యాయం బోధిస్తుంది. భోజనం మానలేని రోగి తన వంతుగా ఇంకొకరికి భోజనం పెట్టవచ్చు. అదీ ఉపవాసమే.

సంఘపెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థించాలని యాకోబు రాశాడు (5:14). నుదుటి మీద కొద్దిగా రాయించుకోండి. ఆపరేషన్ గాయం మీద, కుట్ల మీద, కాలిన చోట రాయవద్దు, చీము పట్టవచ్చు. నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని నర్సు చెప్పినప్పుడు ప్రార్థన నూనె గాని, నీళ్ళు గాని తాగించవద్దు.

పరామర్శకు గుంపులుగా రావద్దని మీ సంఘస్థులకు ప్రేమతో చెప్పండి. యాయీరు ఇంట్లో యేసు ఏడ్చేవారినందరినీ బయటకు పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపలికి తీసుకెళ్ళారు. ఆ చిన్నది లేచిన తరువాత, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నారు (మార్కు 5). అంత గొప్ప అద్భుతం జరిగిన చోట కూడా ప్రభువు ఆ పిల్ల ఆకలిని మరచిపోలేదు. ఇద్దరు వచ్చి, చేతులు కడుక్కొని, నెమ్మదిగా ఐదు నిమిషాలు ప్రార్థించి వెళ్తే చాలు. పక్క మంచంలో ఉన్నవారికి కూడా నిద్ర కావాలి.

మీ సంగతి కూడా చూసుకోండి

రోగి దగ్గర ఉండే మీరు వేళకు తింటున్నారా? నిద్రపోతున్నారా? యుద్ధం జరుగుతున్నప్పుడు మోషే చేతులు బరువెక్కాయి. ఆయనను రాతి మీద కూర్చోబెట్టి అహరోను, హూరు చెరొక ప్రక్క చేతులను పట్టుకున్నారు (నిర్గమకాండము 17). మోషే అంతటివాడు అలసిపోయినప్పుడు మీరు అలసిపోవడం తప్పు కాదు. బంధువులలో వంతులు వేసుకోండి. సాయం చేస్తామన్న వారిని మొహమాటపడకుండా ఫలానా రోజు రాత్రి మీరు ఉండండి అని అడగండి. దిగులు ఎక్కువై నిద్ర పట్టకపోతే, బ్రతకాలనిపించకపోతే, 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

అన్నీ చేసినా తగ్గకపోతే?

ఈ మాట రాయడం కష్టమే. కాని కొన్ని మంచాల దగ్గర ఇదే అసలు ప్రశ్న. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు, అది తొలగలేదు, కృప దొరికింది (2 కొరింథీయులకు 12). తన సహచరుడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). ఎందరినో బాగుచేసిన అపొస్తలుని స్నేహితుడే జబ్బుతో ఉండిపోయాడు. త్రోఫిముకు విశ్వాసం తక్కువని పౌలు ఒక్క మాట అనలేదు. మీ మనిషి గురించి కూడా ఎవరినీ అననివ్వకండి. నయం కాని స్థితిలో కూడా నొప్పి తగ్గించడానికి, ఆయాసం తగ్గించడానికి మందులు ఉన్నాయి. వాటి గురించి డాక్టరును అడగండి. ఎక్కడెక్కడికో తిప్పి, ఉన్న కాస్త పొలం అమ్ముకొని, చివరి రోజులను దారిలో గడపనవసరం లేదు.

ఇంటికి వెళ్ళేముందు మూడు పనులు చేయండి. ఏ మందు, ఏ వేళకు, ఎన్ని రోజులు వాడాలో నర్సు చేత రాయించుకోండి. మళ్ళీ ఎప్పుడు రావాలో తేదీ అడగండి. ఆ చీటీని బైబిలులో దాచకుండా, ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటించండి. ప్రార్థించే వేళ, మందు వేసే వేళ ఒక్కటే చేసుకుంటే రెండూ మరచిపోరు.